సంచిలో ఇవాళ ఎంత వచ్చింది

నకిరేకల్,
4 ఆగస్టు 2023

మక్తల్ బస్టాండు పక్కన బోరు మోటార్లు బాగుచేసే నా తమ్ముడు ఎల్లస్వామికి అక్క నాగులమ్మ రాసేది.

ఇక్కడ నేను, స్వర్ణ, పాప మంచిగున్నం. నువ్వు మంచిగ లేవని తెలిసే రాస్తున్న, అందుకని ఎట్లున్నవని అడుగుతలేను.

నీ కండ్లు పచ్చబడి ఇరవై రోజులైందట. మల్లిక నిన్న ఫోన్ చేసి ఏడ్చింది. పెండ్లాం ఏడుస్తుంటే నువ్వేమో నల్ల అద్దాలు పెట్టుకొని దుకాణంల కూసుంటున్నవట. వైండింగ్ చేసేటాయనకు నల్ల అద్దాలెందుకని ఒక్క రైతన్నా అడగలేదా?

ఫోన్‌లో తిడదామంటే నీకు వినిపించదు. ముప్పై ఏండ్లు బోరు బండ్ల చప్పుడు పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. అందుకే కాగితం మీద తిడుతున్న. రాసినదాన్ని స్వర్ణ ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. నా కోడలు సంగతి తెలుసు కదా, పంపేముందు మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది, తప్పు దొరికితే నవ్వుతుంది. అయిదో తరగతికి ఇంతకన్నా ఎక్కువ రాదని చెప్పాను.

హైదరాబాద్ దవాఖానలో పరీక్షలు చేసి, క్లోమం తల దగ్గర, పైత్యం దిగే గొట్టం మూతి మీద చిన్న గడ్డ ఉందని చెప్పారట. ఇప్పుడే కోసి తీస్తే బతుకుతావన్నారట. దానికి నువ్వు మల్లికతో ఏమన్నావో కూడా తెలిసింది. "మా అక్క కొడుకు గదే ఆపరేషన్ చేయించుకొని పోయిండు. నేను చస్తే చేయించుకోను" అన్నవట.

సునీల్ నా కొడుకు. ఆ మాట అనాలంటే నేననాలె. నేను అంటలేను. నువ్వెందుకు అంటున్నవు?

ఆ ఆపరేషన్ ఏమిటో నీకు తెలియదు, నాకు తెలుసు. సునీల్‌కు చేసినప్పుడు అదే దవాఖాన పెద్ద డాక్టరు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చెప్పారు. క్లోమం తల, దాన్ని చుట్టుకొని ఉన్న పేగు మడత, పైత్యం తిత్తి, గొట్టంలో కొంత తీసేస్తారు. తీయడం ఒక ఎత్తు, మిగిలినవాటిని మళ్లీ కలపడం ఒక ఎత్తు. కింది నుంచి పేగును మీదికి గుంజి మూడు అతుకులు వేస్తారు. ఒకటి మిగిలిన క్లోమానికి, ఒకటి పైత్యం గొట్టానికి, ఒకటి పొట్టకు. మూడింట్లో మొదటిదే మొండిది. వయసు పిల్లల క్లోమం మెత్తగా ఉంటుందట, మాగిన జామపండుకు సూది దారం వేసినట్టు కుట్టు తెగుతుందట. వయసు మీద పడినవాళ్లలో అది గట్టిపడి కుట్టును పట్టుకుంటుందట. నీకు యాభై ఆరు. ముసలితనంతోని ఏం ఫాయిదా అని అడుగుతుంటవు కదా, ఇదే ఫాయిదా.

జవాబు రాయి. అద్దాలు తీసి రాయి.

నీ అక్క
నాగులమ్మ

*

మక్తల్,
7 ఆగస్టు 2023

బడిలో నూరు మంది పిల్లలకు అన్నం వండిపెట్టి, ఆ తర్వాత కూడా చేతులల్ల బలం మిగిలితే తమ్ముణ్ని తిట్టే మా అక్కకు,

ఫోటో వచ్చింది. అందులో స్వర్ణ బొటనవేలు కూడా పడింది. ఆ వేలి కింద రెండు తిట్లు దాగినట్టున్నాయి, అవి ఏమిటో మళ్లీ రాయి.

అక్కా, నేను మొండికి పడలేదు. ఒకటే ప్రశ్న అడిగాను. పైపుకు జోడు వేసినప్పుడు నేనేం చేస్తాను? మోటారు నడిపించి, నీళ్లు వదిలి, జోడు మీద చెయ్యి పెట్టి చూస్తాను. తడి తగిలితే ఆపి, విప్పి, మళ్లీ బిగిస్తాను. రైతు తన కండ్లతో చూసి తలూపితేనే గుంత పూడుస్తాను. మరి వీళ్లు కడుపులో మూడు జోడులు వేసి, అప్పటికప్పుడే గుంత పూడ్చి కుట్లు వేస్తారట. లోపల కారితే చెయ్యి పెట్టి చూసేది ఎవరు? ఇది అడిగితే చిన్న డాక్టరు నా చెవి దగ్గరికి వచ్చి ఏమో అరిచి, సంతకం పెట్టే కాగితం చూపించాడు.

ఇప్పుడు ఊట్కూరు దిక్కు ఒకాయన దగ్గర పసరు తాగుతున్నాను. మూడు మంగళవారాలు తాగితే పచ్చ దిగుతుందన్నాడు. రెండయినాయి. దానికి పత్యం అని మల్లిక ఉప్పు లేని కూడు పెడుతోంది. రెండింట్లో పసరే నయం.

నిజం చెప్పాలంటే భయమైతున్నది. నా మేనల్లుణ్ని మోసిన భుజం ఇది. ఇరవై ఎనిమిదేండ్ల పిలగాడు తట్టుకోలేనిది నేను తట్టుకుంటనా? ఈ నాలుగు మాటలు స్వర్ణ చదువుతుందని తెలుసు. బిడ్డా, తప్పుగ అనుకోకు.

తమ్ముడు
ఎల్లస్వామి

*

నకిరేకల్,
9 ఆగస్టు 2023

పసరు తాగి ఇంకా పచ్చగ అయిన తమ్ముడికి,

నువ్వు అడిగింది మంచి ప్రశ్నే. నేను సునీల్ మంచం పక్కన అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. డాక్టర్లకు కూడా నీలాగే ఆ అతుకు మీద అనుమానం. అందుకని దాని పక్కనే ఒక మెత్తటి గొట్టం పెట్టి, కొసను పొట్ట బయటికి తీసి, సంచి తగిలిస్తారు. లోపల కారితే సంచిలోకి వస్తుంది. నీ లెక్క విప్పి బిగించరు. కారేదానికి దారి ఇచ్చి ఓపిక పడతారు. క్లోమం రసం మాంసాన్ని అరిగించే రసం, అది లోపల నిలవ ఉంటేనే చెరుపు. బయటికి దారి ఉన్నన్ని రోజులు అతుకు మెల్లగా దానంతట అదే మూసుకుంటుంది. చాలామందికి మూసుకుంటుంది.

మరి సునీల్‌కు ఎందుకు మూసుకోలేదు అంటవు. అది వేరే సంగతి. అది అడగకు.

అప్పుడు సునీల్ పక్క మంచంలో గుర్వయ్య అని ఉండేవాడు, నల్గొండలో ఆటో నడుపుతాడు. నలభై రెండు రోజులు సంచి తగిలించుకొని తిరిగాడు. ఇప్పుడు ఆటోలో ముగ్గురు పట్టే జాగాలో ఏడుగురిని ఎక్కిస్తున్నాడు. ఆదివారం నీ దగ్గరికి వస్తాడు, నేనే పంపుతున్నాను. అంగీ ఎత్తి చూపించమని చెప్పాను. పసరాయనను కూడా పిలువు. ఇద్దరినీ పక్కపక్కన కూసోబెట్టి చూడు, ఎవరి పొట్ట మీద నమ్మకం కుదిరితే వాళ్ల మాట విను.

నీ అక్క
నాగులమ్మ

*

మక్తల్,
14 ఆగస్టు 2023

ఊరూరికి సాక్షులను పంపే మా అక్కకు,

నీ గుర్వయ్య వచ్చాడు. బస్సు దిగినవాడు దిగినట్టే దుకాణం ముందర నిలబడి అంగీ ఎత్తాడు. ఇద్దరు రైతులు, చాయ్ హోటల్ ఆయన, చెప్పులు కుట్టే ఆయన అందరూ చుట్టూ చేరారు. కోసిన గీత పొట్ట మీద ఈ పక్క నుంచి ఆ పక్క దాకా ఉంది. ఒక రైతు దాని మీద చెయ్యి పెట్టి చూస్తే గుర్వయ్య నాకు వినిపించాలని గట్టిగా అరిచాడు: "తడి తగులుతాందా? లేదు కద. ఎల్లన్నా, నీ జోడు గిట్లనే ఉంటది."

మధ్యాహ్నం మూడుసార్లు మటన్ పెట్టించుకున్నాడు. ప్రతిసారీ మొదటి ముద్దతో జేబులోంచి ఒక గొట్టం మాత్ర తీసి మింగాడు. క్లోమం సగమే మిగిలింది కదా, తిన్నది అరగడానికి బతికున్నన్ని రోజులు అది ఉండాలట. "మాత్ర ఒక్కటే బరువన్నా, మటన్ బరువు కాదు" అన్నాడు.

సరే అక్కా, చేయించుకుంటాను. ఈ నెల ఇరవై ఎనిమిదిన రమ్మన్నారు.

ఒక షరతు. నువ్వు దవాఖానకు రావద్దు. అల్లుడి కోసం నువ్వు ఆ బెంచీల మీద ఎన్ని దినాలు కూసున్నవో నేను చూసిన. మళ్లా గా బెంచీ మీద నిన్ను చూస్తే నేను మంచం మీదికెల్లి లేచి ఇంటికి పోత. సంచిలో ఎంత వచ్చిందో నేనే నీకు రాస్తాను. ఒట్టు.

తమ్ముడు
ఎల్లస్వామి

*

నకిరేకల్,
30 ఆగస్టు 2023

కడుపులో మూడు కొత్త జోడులు పెట్టుకొని పండుకున్న తమ్ముడికి,

ఏడు గంటలు పట్టిందని మల్లిక చెప్పింది. ఆ ఏడు గంటలు నేను బడి వంటగదిలో ఉన్నాను. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశానని పిల్లలు చెప్పారు. నా పప్పుకు నువ్వే జిమ్మేదారు.

మత్తు సూది ఇచ్చేముందు డాక్టరును పట్టుకొని "దారం ఏ కంపెనీది?" అని అడిగినవట. నీ తమాషాలకు వాళ్లు నవ్వుకుంట కోసినట్టున్నరు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. ముక్కులో గొట్టం ఉన్నన్ని రోజులు నీళ్లు అడగకు. ఊపిరి కసరత్తుకు మూడు గోళీలున్న డబ్బా ఇస్తారు, దాన్ని ఊదకు, పీల్చు. నొప్పైనా లేచి నడువు. పొద్దుగాల నర్సమ్మ సంచిని గీతలున్న గ్లాసులోకి వంపి ఎంత వచ్చిందో రాసుకుంటుంది. అది నువ్వు కూడా చూసి నాకు రాయి. నీ షరతు ప్రకారం నేను ఇక్కడనే కూసున్న. నీ ఒట్టు నువ్వు నిలబెట్టుకో.

నీ అక్క
నాగులమ్మ

*

హైదరాబాద్, దవాఖాన,
3 సెప్టెంబర్ 2023

మక్తల్ తమ్ముణ్ని నకిరేకల్‌లో కూసొని నడిపించే అక్కకు,

కూసొని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. నీ కాగితం అందే లోపల రెండు దినాలు గోళీల డబ్బాను ఊదాను. ఒక్క గోళీ కూడా లేవలేదు. డబ్బా ఖరాబైందని విప్పబోతుంటే నర్సమ్మ గుంజుకున్నది.

ముక్కులో గొట్టం ఇంకా ఉంది. నా పొట్ట ఇంకా నిద్ర లేవలేదట. ఈ ఆపరేషన్ తర్వాత కొందరి పొట్టలు వారం పది దినాలు అట్లానే ఉంటాయట, కొత్త అతుకు దారిలో తిన్నది కిందికి దించడం మరిచిపోతాయట. యాభై ఆరేండ్లు చెప్పకుండా పనిచేసిన పొట్ట, ఇప్పుడు సెలవు పెట్టింది.

సంచి మాత్రం మంచి కబురు చెబుతోంది. మొన్న రెండు వందల మిల్లీలు, నిన్న నూట ఇరవై, ఇవాళ అరవై. రంగు కూడా కొబ్బరినీళ్ల లెక్క ఉంది. ఈ లెక్కన నీ గుర్వయ్య నలభై రెండు రోజుల రికార్డు నాతో కాదు. ఫికర్ చేయకు, కడుపు నిండ తిను.

తమ్ముడు
ఎల్లస్వామి

*

నకిరేకల్,
5 సెప్టెంబర్ 2023

పొట్టకు సెలవిచ్చిన తమ్ముడికి,

నీ కాగితం నేను ఒకసారి, స్వర్ణ రెండుసార్లు చదివినం. డబ్బా విప్పబోయిన దగ్గర స్వర్ణ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఆమె అట్లా నవ్వి చాలా రోజులైంది. నీ తిక్కపని ఒకటన్నా మాకు పనికొచ్చింది.

సంచి అంత తొందరగా ఎందుకు తగ్గుతున్నదని ఒక్కసారి అడుగు. మంచికే తగ్గుతుండొచ్చు. ఊకెనే అడుగుతున్న. సాయంత్రం పొద్దుమీకి చలి పెడుతున్నదా? పొట్టలో ఒక పక్క గుంజుతున్నదా? గొట్టంలోకి నీళ్లు ఎక్కించి కడుగుతున్నారా? ఈ నాలుగింటికి నాలుగు జవాబులు రాయి. తమాషాలు వాటి తర్వాత రాయి.

నీ అక్క
నాగులమ్మ

*

హైదరాబాద్, దవాఖాన,
8 సెప్టెంబర్ 2023

డాక్టరు కన్నా ఎక్కువ ప్రశ్నలడిగే అక్కకు,

ముక్కు గొట్టం నిన్న తీశారు. రాగి జావ తాగాను. పొట్ట దించుకున్నది. ఆ జావ ముందర పెండ్లి భోజనం కూడా దండుగ.

సంచిలో ఇవాళ ఎంతనో తెలుసా? రెండు చెంచాలు. ఎండిపోయినట్టే. నువ్వు బడి పిల్లలందరికీ పాయసం వండిపెట్టు, నా పేరు చెప్పి.

చలి సంగతి అడిగావు. రెండు దినాల నుంచి పొద్దుమీకి జర చలి పెడుతోంది, ఒళ్లు కొద్దిగా కాలుతోంది. ఏమీ లేదు, మంచం మీద ఫ్యాను తిరుగుతోంది. జ్వరం లేకుంటే సోమవారం ఇంటికి పంపుతానని పెద్ద డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. అందుకని నా తెలివి నేను వాడుతున్నాను. నర్సమ్మ జ్వరం చూసే పుల్లను సంకలో పెడుతుంది కదా, ఆమె వచ్చే ముందర తడి గుడ్డ చుట్టి సంకలో పెట్టుకుంటున్నాను. మోటారు వేడెక్కితే తడి గోనె కప్పినట్టు. పుల్ల ఒక్కసారి కూడా మీదికి ఎక్కలేదు. ఈ ఉపాయం మల్లికకు కూడా తెలియదు, నీకే చెబుతున్నాను.

సోమవారం మక్తల్‌లో ఉంటాను.

తమ్ముడు
ఎల్లస్వామి

*

నకిరేకల్,
8 సెప్టెంబర్ 2023, మధ్యాహ్నం

ఎల్లస్వామీ,

ఇది చదివిన వెంటనే కాగితం నర్సమ్మ చేతిల పెట్టు. సంకల గుడ్డ తీయి. చలి జ్వరం వస్తున్నదని చెప్పు. మల్లికకు ఫోన్ చేసిన, "అంతా మంచిగనే ఉన్నది వదినె" అంటున్నది. నువ్వు ఆమెకు అదే చెప్పినవు. ఊకె చెప్పమంటే నువ్వు చెప్పవని నాకు తెలుసు. అందుకని ఎందుకు చెప్పాల్నో రాస్తున్న.

సునీల్‌కు ఆపరేషన్ అయిన పదకొండో దినం సంచి ఎండిపోయింది. అప్పటిదాకా రోజూ నిండుతుండేది. ఆ పొద్దు చుక్క లేదు. నేను అతుకు మూసుకుందని అనుకున్నాను. సంతోషం పట్టలేక దవాఖాన ఎదురు దుకాణంలో అరకిలో కోవా కొని వార్డంతా పంచినం. మరునాడు ఇంటికి పంపుతామన్నారు. సాయంత్రం సునీల్‌కు చలి పుట్టింది. దుప్పటి కింద వణికిండు. "అమ్మా, డాక్టరుకు చెప్పనా?" అని అడిగిండు. నేను వద్దన్న. "చెబితే మళ్ల ఉంచుతరు బిడ్డా, రేపు ఇంటికి పోదాం" అన్న. నా మోకాళ్ల నొప్పికి కొంగుల ముడేసుకున్న మాత్ర తీసి నా చేత్తోని వేసిన. జ్వరం దిగింది. మరునాడు జ్వరం లేదని రాసుకొని పంపారు.

అతుకు మూసుకోలేదు. గొట్టం లోపల పూడుకుపోయింది. బయటికి రావలసింది లోపలే నిలిచింది. మూడో దినం సంచిలోకి ఎర్రగా వచ్చింది. మళ్లీ తీసుకుపోయేసరికి రక్తనాళం తెగిందన్నారు. పెద్ద డాక్టరు నన్ను అడిగారు, "అమ్మా, ముందు చలి జ్వరం వచ్చిందా?" అని. రాలేదని చెప్పాను.

నాలుగేండ్లయింది. ఎవ్వరికీ చెప్పలేదు. స్వర్ణకు చెప్పలేదు. అప్పుడు ఆమెకు ఎనిమిదో నెల, నల్గొండలో తల్లిగారింట్లో ఉంది.

ఈ కాగితం ఫోటో తీయాల్సింది స్వర్ణనే. వేరే ఎవరితోనన్నా తీయిద్దామని వీధి చివరి దాక పోయి వాపసొచ్చిన. ఆమె మొగని సంగతి ఆమె కన్నా ముందు పొరుగోళ్లు చదువొద్దు. ఇగ ఆమె చేతిల పెడుతున్న.

నీ షరతు నీ దగ్గరనే పెట్టుకో. నేను బస్సెక్కుతున్న.

అక్క

*

హైదరాబాద్, దవాఖాన,
10 సెప్టెంబర్ 2023

అక్కకు,

నువ్వు బస్సెక్కలేదని, స్వర్ణ ఎక్కిందని నీకు తెలుసు. వరుసగా చెబుతాను.

నీ కాగితం చూడగానే నర్సమ్మకు ఫోన్ చూపించాను. ఆమె నిలబడే చదివి, నా సంకలోంచి గుడ్డను తనే గుంజి కింద పడేసింది. పుల్ల పెడితే నూటరెండు. పావుగంటలో నలుగురు డాక్టర్లు వచ్చారు. స్కాన్‌లో పొట్ట వెనుక, గొట్టం అందని మూల ఒక జాగాలో చీము చేరి ఉంది. మిషన్‌లో చూసుకుంటూ వీపు పక్క నుంచి సూదితో ఇంకో గొట్టం దించారు. మళ్లీ కోయలేదు. ఆ రాత్రికే చలి ఆగింది. సోమవారం ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కా, నా సంచి ఎన్నడూ ఎండిపోలేదు. రెండు చెంచాలు అబద్ధం. అరవై అబద్ధం. కొబ్బరినీళ్లు అబద్ధం. మొదటి నుంచి రోజుకు మూడు వందల ఎనభై, నాలుగు వందలు, ఒకనాడు నాలుగు వందల యాభై. రంగు వానకాలం వాగు నీళ్లు. అతుకు కారుతోందని మూడో దినమే చెప్పారు, దారి ఉంది కాబట్టి భయం లేదన్నారు. నిండిన సంచి గురించి రాస్తే నువ్వు అల్లుణ్ని యాది చేసుకొని ఏడుస్తవని, తగ్గించి రాసిన. నువ్వు సంతోషపడుతవని తగ్గించుకుంట పోయిన. ఎండిన సంచి నిన్ను ఎక్కడ పొడుస్తదో నాకేం తెలుసు? నువ్వెప్పుడన్నా చెప్పినవా?

ఇగ నుంచి నిజమే రాస్తాను. ఇవాళ మొదటి సంచి నాలుగు వందల పది, రెండో సంచి తొంభై. రెండూ కలిపి నీకు అయిదు వందలు. సంతోషమేనా?

స్వర్ణ నిన్న పొద్దున వచ్చింది. నాతో ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. సంచులు వంచేటప్పుడు పక్కన నిలబడి తనే చూసి రాసుకుంది. తర్వాత పెద్ద డాక్టరు గది బయట అరగంట కూసొని, లోపలికి పోయి మాట్లాడి వచ్చిందని మల్లిక చెప్పింది. ఏమడిగావు బిడ్డా అని అడిగితే, "చిన్నాయినా, మీ సంచి సంగతి మీరు చూసుకోండి" అని రాసింది. సాయంత్రం బస్సుకు పోయింది.

మీ ఇంట్లో ఏమైతున్నదో రాయి అక్కా.

తమ్ముడు
ఎల్లస్వామి

*

హైదరాబాద్, దవాఖాన దగ్గరి కిరాయి గది,
1 అక్టోబర్ 2023

ఉలుకు పలుకు లేని అక్కకు,

ఇరవై దినాల నుంచి రోజూ సంచి లెక్క పంపుతున్నాను. నీ నుంచి ఒక్క కాగితం లేదు. నేను నీకు పంపినన్ని లెక్కలు కరెంటాఫీసుకు కూడా పంపలేదు. మల్లిక ఫోన్ చేస్తే "మంచిగున్నం" అని పెట్టేస్తున్నవట. అబద్ధం చెప్పుడు మన ఇంటి రోగమే, నాదొక్కనిదే కాదు.

వీపు గొట్టం నిన్న తీసేశారు. ముందు గొట్టంలో ఇవాళ పదిహేను మిల్లీలు. ఇది నిజం, కింద నర్సమ్మ సంతకం పెట్టించాను చూడు. ఎండిపోవడానికి వచ్చింది, ఈసారి పూడుకుపోయి కాదు, మూసుకొని. స్కాన్‌లో కూడా చూశారు. ఈ వారంలో అది కూడా తీస్తారు. మటన్ అడిగాను, మాత్రతోపాటు రెండు ముక్కలు తినమన్నారు.

నేను బతికిన అక్కా. నువ్వు రాసిన కాగితంతోనే బతికిన. దానికి నువ్వు ఏం పోగొట్టుకున్నవో చెప్పు. స్వర్ణ మాట్లాడుతున్నదా?

తమ్ముడు
ఎల్లస్వామి

*

నకిరేకల్,
4 అక్టోబర్ 2023

పదిహేను మిల్లీలకు నర్సమ్మతో సాక్షి సంతకం పెట్టించిన నా తమ్ముడికి,

ఆ సంతకం చూసి నవ్వొచ్చింది. ఇన్ని రోజులకు నవ్వొచ్చింది కాబట్టి రాస్తున్న.

స్వర్ణ ఆ రోజు నా చేతిలో నుంచి కాగితం తీసుకొని చదివింది. ఫోటో తీసింది. పంపింది. నేను సంచి సర్దుకుంటుంటే నా చేతిలో నుంచి ఆ సంచి తీసుకొని, "నువ్వు ఉండు అత్తమ్మా, నేను పోత" అన్నది. అంతే. వాపసొచ్చిన తర్వాత కూడా అంతే. పొద్దున అంగన్‌వాడీకి పోయేది, వచ్చేది, "కూర ఏం చేయాలె?" అనేది, పాపకు తల దువ్వేది. మాట్లాడకపోవడం కాదు, ఆ ఒక్కటి మాట్లాడకపోవడం. నేను రోజూ అనుకునేదాన్ని, ఇవాళ తల్లిగారింటికి పోతానంటుందని. ఆమె బట్టలు మడత పెట్టినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడేదాన్ని. నీ లెక్కలు వచ్చినప్పుడు ఆమె ఫోన్ నా ముందర పెట్టి పోయేది. నేను రాసి ఆమె చేతికి ఇచ్చే ధైర్యం రాలేదు. అందుకని నీకు కాగితం లేదు.

మొన్న సోమవారం గాంధీ జయంతి, ఇద్దరికీ సెలవు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాం. పాప పడుకుంది. స్వర్ణ తల ఎత్తకుండా అడిగింది.

"కోవా ఎవరు పంచిన్రు అత్తమ్మా? నువ్వా, ఆయననా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. "నేను కొన్న. ఆడే పంచిండు" అన్నాను.

"నడిచి పంచిండా?"

"నడిచిండు. సంచి ఒక చేతిల, డబ్బా ఒక చేతిల. ఒక్కో మంచం దగ్గర ఆగి, నేను తినొద్దు కద, నా వంతు కూడ నువ్వే తిను అన్నడు. గుర్వయ్యకు రెండు పెట్టి, రెండో బిల్లకు ఆటో కిరాయి కట్టాలె అన్నడు. నర్సమ్మ కోప్పడ్డది. ఆమె నోట్ల ఒకటి పెట్టిండు."

"నవ్విండా?"

"కుట్లు నొప్పి పెడుతున్నయని పొట్ట పట్టుకొని నవ్విండు. నీ సంగతే చెప్పిండు అందరికి. మా స్వర్ణకు కోవా అంటే పానం, బిడ్డ పుడితే కిలో కొంట అన్నడు."

ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసుకొని ఈనె గుంజింది. నేను మాత్ర సంగతి వస్తుందని కాచుకొని ఉన్నాను. అనవలసింది అనమని, కొట్టినా పడతానని అన్నాను.

"మాత్ర సంగతి డాక్టరును అడిగిన" అన్నది. "ఆనాడే చెప్పి ఉంటే బతుకుండెనా అని అడిగిన. బతకొచ్చు, బతకకపోవచ్చు, అది ఎవ్వరం చెప్పలేం అన్నడు. దాని మీద నాకు నీ మీద కోపం ఉన్నది అత్తమ్మా. ఉంటది. పోయినప్పుడు పోతది." 

తర్వాత నా దిక్కు చూసింది. "ఆయన ఆఖరికి ఎట్లుండెనో నాకు ఎవ్వరు చెప్పలె. అడిగితే నువ్వు ఏడ్చుకుంట లోపలికి పోతుంటివి. నాలుగేండ్లు నేను ఏమనుకున్ననో తెలుసా? మూలుగుకుంట, బాధపడుకుంట పోయిండని. గా ఒక్క దినం నవ్విండని, నడిచిండని, నా పేరు తీసిండని నువ్వు నాకు చెప్పలె. నీ మాత్ర దాచుకోవాల్నని ఆయన నవ్వు కూడ దాచుకున్నవు. గదే నాకు ఎక్కువ కోపం."

ఎల్లస్వామీ, నేను నా తప్పు ఒక్కటే దాచుకున్ననని అనుకున్న. ఆ తప్పు కింద వాని మంచి దినం ఉన్నదని నాకు తట్టనే లేదు.

ఆమె పోలేదు. పోను అని కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాయలు బుట్టలో వేసి, "మళ్ల చెప్పు. మొదటికెల్లి చెప్పు. వార్డుల ఎన్ని మంచాలున్నయి?" అన్నది. పద్నాలుగు అన్నాను. పద్నాలుగు మంచాల దగ్గర సునీల్ ఏమేమన్నాడో ఒక్కొక్కటి చెప్పించుకుంది. గుర్తు లేనివి ఉంటే యాది చేసుకోమంది. నిన్న మళ్లీ అడిగింది. ఇవాళ పొద్దున చాయ్ తాగుతూ తొమ్మిదో మంచం ముసలామె ఏమన్నదో అడిగింది. వాడు నవ్వింది ఒక్క దినమే అనుకున్న, ఇగ దాన్ని చెప్పుకుంట పోతే ఎన్ని దినాలు పడుతదో.

నువ్వు ఆ గొట్టం తీసినాక తిన్నగా ఇక్కడికే రా. మటన్ నేను వండుత, ముక్కలు నేనే లెక్క పెడుత. నీ మీద నాకు నమ్మకం లేదు.

ఇంక రాసేది ఉంది కానీ స్వర్ణ పాపను కూడా కూసోబెట్టుకొని పిలుస్తోంది. "మీ నాయిన కోవా పంచిన దినం నాయినమ్మ చెబుతది, విను" అంటోంది. పోతున్న.

అక్క
నాగులమ్మ